వీధిబడి నుంచి విలోమ తరగతికి: బళ్లారి నివేదిక – పద్యబోధన

పాఠాన్ని విద్యార్థి ఇంటివద్ద ముందుగా చదివి లేదా విని, తరగతి సమయాన్ని చర్చకూ అభ్యాసానికీ వినియోగించే పద్ధతి ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్’. దీనిని ‘విలోమ తరగతి’ అనవచ్చు. అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు 2007 నుంచి తమ పాఠాలను వీడియోలుగా అందించడంతో దీనికి ప్రాచుర్యం కలిగింది. అందువల్ల దీనిని సాంకేతికత ప్రసాదించిన పద్ధతిగా భావించడం పరిపాటి. అయితే దీని కీలకం వీడియోలో లేదు; ఏ పని ఇంట జరగాలి, ఏ పని తరగతిలో జరగాలి అన్న నిర్ణయంలో ఉంది. తెలుగు బోధన విషయంలో ఆ నిర్ణయానికి రెండు శతాబ్దాల నాటి ఒక నివేదిక ఆధారమవుతుంది.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో విద్యాస్థితిపై వివరాలు కోరగా, బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక సమర్పించాడు. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులుండగా, వాటిలో 226 తెలుగువి. పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుతూ అక్షరాలు నేర్చేవారు. పై విద్యార్థులు కింది విద్యార్థులకు చెప్పేవారు. ఆ చెప్పడంలో వారి జ్ఞానమూ స్థిరపడుతుందని, ఇంగ్లండు ఈ విధానాన్ని అనుకరించడం సముచితమేనని క్యాంప్‌బెల్ ప్రశంసించాడు. మద్రాసు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ అమలుచేసి, 1797లో లండన్‌లో ప్రకటించిన ‘మద్రాసు పద్ధతి’ ఇటువంటిదే.

ఆ నివేదికలోనే తీవ్రమైన ఆక్షేపణ కూడా ఉంది. పాఠ్యగ్రంథాలు వాడుకకు దూరమైన పద్యభాషలో ఉండటంవల్ల విద్యార్థులు అర్థం తెలియకుండా చిలుకల్లా వల్లిస్తున్నారని అతడు రాశాడు. ఐరోపా విద్యను ప్రమాణంగా తీసుకున్న అధికారి దృష్టి ఇందులో ఉన్నమాట నిజమే. తాళపత్రప్రతులు అరుదైన కాలంలో ధారణే గ్రంథాలయమన్నదీ విస్మరించరాదు. అయినా ఆక్షేపణ నేటికీ వర్తిస్తుంది. నాడు విద్యార్థి పద్యాన్ని వల్లించాడు. నేడు ఉపాధ్యాయుడు చెప్పిన తాత్పర్యాన్ని వల్లిస్తున్నాడు. అర్థనిర్ణయంలో అతని పాత్ర రెండు చోట్లా స్వల్పమే.

కాబట్టి పద్యబోధనలో ఇంటికి పంపవలసినవి పదచ్ఛేదం, ప్రతిపదార్థం, కథాసందర్భం. వీటికి వీడియో అనివార్యం కాదు. ఫోను లేని విద్యార్థికి ఒక ముద్రిత పత్రం చాలు. తరగతిలో మిగలవలసినవి అన్వయం, పాఠాంతరాల పరిశీలన, వ్యాఖ్యాతల అభిప్రాయభేదాల విచారణ. విద్యార్థులు చిన్న బృందాలుగా ఒకరికొకరు వివరించుకొని, తమ నిర్ణయానికి పద్యంలోనే ఆధారం చూపాలి. చదవకుండా వచ్చినవారి కోసం ఉపాధ్యాయుడు పాఠమంతా మళ్లీ చెబితే చదివి వచ్చినవారి శ్రమ వ్యర్థమవుతుంది. ఆరంభంలో రెండు చిన్న ప్రశ్నలు వేసి, తడబడినచోట మాత్రమే వివరించడం మేలు.

క్యాంప్‌బెల్ మెచ్చిన పరస్పర బోధన అక్షరాభ్యాసానికి ఉపకరించింది. అతడు ఆక్షేపించిన లోపం అర్థగ్రహణానికి సంబంధించినది. ఆ మొదటిదానిని ఈ రెండోదానికి వినియోగించడమే తెలుగులో విలోమ తరగతి సాధించవలసిన ప్రయోజనం.