కాఫీ మీద నింద, రాత్రి చేసిన నేరం

హైటెక్ సిటీ ఉద్యోగుల అనారోగ్యం గురించి మాట వచ్చినప్పుడల్లా ముందుగా నింద పడేది కాఫీ మీదే. నిద్ర పట్టకపోయినా, గుండె దడగా ఉన్నా, కడుపులో మంట మొదలైనా ఇంట్లో పెద్దలైనా, ఆఫీసు హెల్త్ క్యాంపుకు వచ్చిన డాక్టరైనా అడిగే మొదటి ప్రశ్న రోజుకు ఎన్ని కప్పులు తాగుతున్నావనే. ఆ ప్రశ్నలో తప్పు లేదు గానీ, దానితోనే విచారణ ముగించడం తప్పు. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకున్న ఈ ఐటీ ప్రాంతంలో కాఫీ ఎప్పుడు, ఎందుకు, ఏ వేళకు అలవాటయిందో చూడాలి. ఆ చరిత్రను వైద్యశాస్త్రం చెబుతున్న దానితో కలిపి చదివితే తేలేది ఒకటే: ఇక్కడివారి ఒంటికి చేటు చేసింది కాఫీ గింజ కన్నా ఎక్కువగా దాన్ని తాగించిన పనివేళలే.

హైదరాబాద్ పాతకాలం నుంచీ చాయ్ ఊరు. నిజాం ఏలుబడిలో ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడినవారు పెట్టిన హోటళ్లే ఈ నగరానికి కూర్చుని తాగే అలవాటు నేర్పాయి. అయితే తెలుగు నేలకు కాఫీ కొత్తేమీ కాదు. తూర్పు కనుమల్లోని పాములేరు లోయలో బ్రోడీ అనే ఆంగ్లేయుడు 1898లో కాఫీ మొక్కలు నాటించాడు. తర్వాత అది అరకు, పాడేరు కొండలకు పాకి గిరిజన రైతుల పంటయింది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మద్రాసుతో రాకపోకలున్న కోస్తా, రాయలసీమ ఇళ్లలో ఫిల్టరు కాఫీ స్థిరపడింది. ఆ ఇళ్లలో కాఫీకి ఒక వేళ ఉండేది. తెల్లవారగానే మొదటి డికాక్షన్, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక రెండోది. పొద్దుపోయాక కాఫీ అడిగితే నిద్ర చెడుతుందని పెద్దలు వారించేవారు. గాంధీజీ లాంటివారు టీ, కాఫీలు అసలు అక్కర్లేదన్నారు. కాఫీని విడిచిపెట్టని ఇళ్లు కూడా దాని వేళను మాత్రం పాటించాయి.

ఆ కట్టు సైబరాబాద్‌గా పేరుపడిన ఈ ఐటీ ప్రాంతంలో తెగింది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని ఈ నగరంలో తెరిచింది. ఇక్కడికొచ్చిన పనిలో పెద్ద వాటా అమెరికాది, అక్కడి గడియారానిది. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలైతే మనకు ఎండాకాలంలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. కాలిఫోర్నియాలో ఉదయం 9 అంటే మనకు రాత్రి 9.30 లేదా 10.30. కాల్ సెంటర్లు, సపోర్టు బృందాలు తెల్లవార్లూ నడవాల్సి వచ్చింది. దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచి ప్రభుత్వాలు ఐటీ సంస్థలకు మినహాయింపులిచ్చాయి. మహిళలు రాత్రిపూట పనిచేయడానికి దారి తెరిచాయి. ఆఫీసులో ఎన్ని కప్పులు తాగినా పైసా అడగని కాఫీ మెషీను ఆ కాలంలోనే అంతస్తుకొకటి వచ్చింది. 1996లో బెంగళూరులో మొదలైన కేఫ్ కాఫీ డే లాంటి దుకాణాలు ఇక్కడికీ విస్తరించాయి. ఇంట్లో పొద్దుతో ముడిపడిన కాఫీ, ఇక్కడ షిఫ్టుతో ముడిపడింది.

ఆ మెషీను ఇచ్చే కప్పును దగ్గరగా చూస్తే సగం సంగతి తెలుస్తుంది. మీట నొక్కగానే వేడినీళ్లలో కలిసి కాగితపు కప్పులోకి జారే ప్రీమిక్స్‌లో ఎక్కువ భాగం చక్కెర, పాలపొడి. కాఫీ వాటా కొద్దిపాటిదే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటవద్దన్నది ఆ సంస్థ సలహా. అంటే చిన్న కప్పుల ఇన్‌స్టంట్ కాఫీ నాలుగు తాగినా హద్దు దాటినట్టు కాదు. అందుకే కప్పులు లెక్కపెట్టడం కన్నా గడియారం చూడటం ముఖ్యం. శరీరంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి ఒంటిగంటకు తాగినవాడు ఉదయం ఆరింటికి పడుకోబోతే సగం కెఫీన్ ఇంకా నెత్తురులోనే ఉంటుంది. 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో నిద్రకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవారికి గంటకు పైగా నిద్ర తగ్గింది. కెఫీన్ అలసటను తీర్చదు. అలసటను మెదడుకు తెలియజేసే అడెనోసిన్ పనిని కాసేపు అడ్డుకుంటుంది, అంతే. నిద్ర బాకీ అలాగే ఉండిపోతుంది.

కాఫీ మీద నేరారోపణ కొత్తది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో కాఫీని మూత్రాశయ క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో చేర్చింది. పాతికేళ్ల తర్వాత, 2016లో, వెయ్యికి పైగా అధ్యయనాలను పరిశీలించి ఆ జాబితా నుంచి తీసేసింది. కాలేయ క్యాన్సర్ ముప్పు కాఫీ తాగేవారిలో తక్కువగా కనిపిస్తోందని కూడా చెప్పింది. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా మంచిది కాదని మాత్రం హెచ్చరించింది. ఇదే సంస్థ 2007లో రాత్రి షిఫ్టు పనిని బహుశా క్యాన్సర్ కారకమన్న వర్గంలో పెట్టింది. 2019లో మళ్లీ విచారించి అక్కడే ఉంచింది. ఒకే న్యాయస్థానం, ఒకే రకమైన విచారణ. కాఫీ బయటపడింది, రాత్రి పని బయటపడలేదు. సైబరాబాద్ చరిత్రలో ఈ రెండూ కలిసే వచ్చాయి. కంటికి కనిపించే కప్పును పట్టుకుని, కనిపించని షిఫ్టును వదిలేస్తున్నాం.

ఈ ప్రాంతం నుంచే మరో సాక్ష్యముంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది, 71 శాతం మందికి ఊబకాయం. ఎక్కడో దూరాన చేసిన లెక్క కాదిది, గచ్చిబౌలి పరిసరాల్లో పనిచేసేవారి సంగతి. కాలేయానికి మేలు చేసే పానీయాల్లో కాఫీ పేరు పదేపదే వినిపిస్తుంటే, రోజూ అది తాగే ఉద్యోగుల కాలేయాలు ఎందుకిలా ఉన్నాయి? గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, వేళాపాళా లేని తిండి, కరువైన నిద్ర ముందు కాఫీ ఇచ్చే కొద్దిపాటి మేలు నిలవదు. పైగా ప్రతి కప్పుతో పాటు చక్కెర వెళ్తోంది. మేలు చేసే గింజను కీడు చేసే దినచర్యలో కలిపేశాం.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. కాఫీకి అనుకూలమైన పరిశోధనలు ఎక్కువగా పాశ్చాత్యులు తాగే పాలు లేని కాఫీ మీద జరిగాయని, అవి అలవాట్లను గమనించినవే తప్ప కార్యకారణాన్ని నిరూపించలేదని అనవచ్చు. ఆ మాట నిజమే, అందుకే కాఫీని మందుగా సిఫారసు చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. కాఫీ పూర్తిగా హానిలేనిదా అంటే అదీ కాదు. గర్భిణులు తగ్గించుకోవాలి. భోజనంతో పాటు తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీలు మానమని పోషకాహార సంస్థ చెప్పింది అందుకే. ఇక కాఫీ లేకపోతే రాత్రి పని ఎలా సాగుతుందని మరికొందరి ప్రశ్న. షిఫ్టు పనివారిలో కెఫీన్ చురుకుదనాన్ని పెంచి పొరపాట్లను తగ్గిస్తుందని పరిశోధనలున్నాయి, తెల్లవారుజామున బండి నడిపి ఇంటికెళ్లేవారికి అది అవసరమే. కానీ గండం గట్టెక్కడానికి పనికొచ్చేదాన్ని ఏళ్ల తరబడి నిద్రకు బదులుగా వాడలేం.

కాబట్టి ఉద్యోగులు షిఫ్టు మొదటి సగంలోనే కాఫీ ముగించాలి. చక్కెర లేని కప్పు అడగాలి, భోజనానికి దూరంగా తాగాలి. ఇవి ఎవరైనా రేపటి నుంచే చేయగలిగినవి. అంతకన్నా పెద్ద బాధ్యత సంస్థలది, ప్రభుత్వానిది. రాత్రి పనికి మినహాయింపులిచ్చిన చేతులే షిఫ్టుల మధ్య తగిన విరామాన్ని, వరుస రాత్రులకు ఒక హద్దును, రాత్రి పనిచేసేవారికి ఏటా కాలేయ, రక్తపరీక్షలను తప్పనిసరి చేయాలి. ఇకమీదట ఆఫీసు హెల్త్ క్యాంపులో కప్పులెన్నని అడిగే ముందు, నిన్న ఎన్ని గంటలకు పడుకున్నావని అడగండి.