మాంబళపు చెఱువులో మన కాపురములు

చెన్నపట్టణమున మనవారు స్థిరపడిన వృత్తాంతమును ఈ సంచికకు వ్రాసి యిమ్మని సంపాదకులు నన్ను కోరిరి. వారి కోరిక విశాలమైనది. నా యెఱుక స్వల్పము. కావున పట్టణమంతటిని విడిచి, మా తాతగారి నాటినుండి మా కుటుంబము వసించుచున్న త్యాగరాయనగరమును గూర్చి మాత్రము విన్నవించుకొందును. గతసంవత్సరపు సభలో ఒక పెద్దలు "త్యాగరాయనగరము తెలుగువారు కట్టిన నగరము" అని సెలవిచ్చిరి. సభ కరతాళధ్వనులు చేసెను. నేనును చేసితిని. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ మాట ఎంతవరకు సత్యమో విచారింపవలెనని తోచినది. ఈ వ్యాసము ఆ విచారణఫలము.

ఆ నగరమున్న చోట నూఱేండ్లక్రిందట చెఱువుండెను. నుంగంబాకమునుండి సైదాపేటవఱకు విల్లువలె వంగి పట్టణమునకు పడమటి యెల్లగానుండిన యా జలాశయమును దొరలు లాంగ్ ట్యాంకు అనిరి, దీర్ఘతటాకమని మనమనవచ్చును. చెంగల్పట్టుసీమ చెఱువులకు ప్రసిద్ధి. వాననీటిని గట్టు వేసి నిలిపి, క్రింది పొలములకు తూములద్వారా వదలుట అచ్చటి పూర్వుల వ్యవసాయవిధానము. పట్టణము పెరుగుటతో పొలములు తోటలైనవి, తోటలు బంగళాలైనవి. చెఱువునకు క్రింద ఆయకట్టు లేకపోయినచో చెఱువెందులకని అధికారులకు తోచుట సహజమే. వానకాలమున నీరు ఎచ్చటికి పోవలెనను ప్రశ్న అప్పుడెవరికిని అంతగా తోచినట్లు లేదు.

మాంబళమను పేరునకు "మహాబిల్వ"మను సంస్కృతపదమే మూలమనియు, అది మారేడువనమనియు కొందఱు వ్యుత్పత్తి చెప్పుదురు. మామిడిపండునకు తమిళమున గల పేరే మూలమని మఱికొందఱందురు. సంస్కృతము చదువుకొన్న వాడనగుటచే మొదటిదానిని నేను సమర్థింతునని మిత్రులు తలచిరి. ప్రతిగ్రామమునకును ఒక సంస్కృతనామము కుట్టి తొడుగుట మా వంటి పండితులకు ఎంత సులభమో నే నెఱుగుదును గనుకనే దానిని నమ్మజాలను.

ఇక నగరనిర్మాణము. 1920లో మద్రాసు ప్రభుత్వము పట్టణనిర్మాణశాసనమును చేసెను. దాని బలముచే చెఱువును ఎండగట్టి, పూడ్చి, వీధులు తీర్చి, ఉద్యానములకు చోటు విడిచి, గృహస్థులకు నివేశనస్థలములుగా నమ్ము పథకము ఆ దశకముననే ప్రారంభమైనది. నగరమునకు సర్ పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు పెట్టిరి. ఆయన తెలుగువారు, 1852లో జన్మించి 1925లో దివంగతులైరి, 1916లో జస్టిసుపక్షమును స్థాపించిన మువ్వురిలో నొకరు, మద్రాసు కార్పొరేషను అధ్యక్షులైన వారిలో ప్రభుత్వోద్యోగి కాని తొలివ్యక్తి. ఆయన కాలముననే, 1920లో, థౌజండ్ లైట్సు ప్రాంతమున ఒక కార్పొరేషను పాఠశాలలో బాలురకు మధ్యాహ్నభోజనము పెట్టుట మొదలైనది. ఉపాధ్యాయవృత్తిలో వృద్ధుడనైన నాకు ఆయన పేరిటి నగరముకంటె ఆ పిడికెడన్నమే గొప్పగా కనబడును. నగరమధ్యమున నున్న ఉద్యానమునకు పానగల్ రాజాగారి పేరు. పానగంటి రామరాయణింగారని పిలువబడిన ఆయన కాళహస్తిలో జన్మించిరి. 1921 మొదలు 1926 వఱకు రాజధాని మొదటిమంత్రిగా నుండిరి. కార్పొరేషను కమిషనరు వెంకటనారాయణనాయుడుగారి పేర నొక వీధి కలదు.

ఇంతవఱకు మన పెద్దల మాట నిజము. అయితే అదే నగరమున ఉస్మాన్ రోడ్డున్నది. ఆ ఉస్మానుగారు 1934లో కొంతకాలము తాత్కాలికముగా గవర్నరు పదవి వహించిన మహమ్మదీయప్రముఖులు. డాక్టరు నాయరు వీధి మలయాళీయుని పేరిటిది. నటేశ ముదలియారుగారి పేరిటి పార్కు తమిళునిది. బజుల్లా రోడ్డు, హబీబుల్లా రోడ్డు సరేసరి. వీధిపేర్లు ఆనాడు అధికారముననున్న పక్షమువారి పట్టిక. ఒక భాషవారి దానశాసనము కాదు. మఱియు చెఱువు పూడ్చుటకు మట్టితట్టలు మోసినవారి పేరు ఏ వీధికిని లేదు. కనుక "తెలుగువారు కట్టిరి" అనుటకంటె "తెలుగువారును వచ్చి కాపురముండిరి" అనుట యుక్తము. ఎట్లు కాపురముండిరో చెప్పెదను.

మా తాతగారు నెల్లూరుసీమనుండి గుమాస్తాపనికై వచ్చి, కొన్నేండ్లు తిరువళిక్కేణిలో ఒక యింటి వెనుకభాగమున అద్దెకుండిరి. ఒక బావి, ఎనిమిది కుటుంబములు. 1931లో బీచి స్టేషనునుండి తాంబరము వఱకు విద్యుద్రైళ్లు నడువజొచ్చెను. ఉదయము మాంబళమున బండి యెక్కినవాడు వేళకు కోటదగ్గఱి కచ్చేరీలో కూర్చుండవచ్చునను ధైర్యమప్పుడు కలిగినది. ఈ రైలే లేకున్నచో ఎన్ని శాసనములు చేసినను గుమాస్తాలు ఆ చెఱువులోనికి వచ్చియుండరని మా తాతగారు చెప్పెడివారు. 1936లో నాయనమ్మగారి కాసులపేరు నమ్మి, రైలుమార్గమునకు తూర్పున, ఒక గ్రౌండు స్థలము కొనిరి. చెన్నపట్టణపు లెక్కలో గ్రౌండనగా 2,400 చదరపు అడుగులు.

బంధువులు నవ్విరట. "చెఱువులో ఇల్లు కట్టువాడు చేపలకు చుట్టమా?" అని పినతాతగారు ఉత్తరము వ్రాసిరి. ఆ నవ్వులో సత్యము లేకపోలేదు. రాత్రివేళ నక్కలు కూసెడివి. దోమల సంగతి చెప్పనలవికాదు. పడమటి మాంబళమున బోదకాలు ప్రసిద్ధమైన వ్యాధి. వీధి అని పటములో నున్నది వర్షాకాలమున బురద. అన్నిటికంటె మా తాతగారిని వేధించినది గోడ. చెఱువు అడుగునగల బంకమన్ను వేసవిలో ఎండి ముడుచుకొనును, వానలకు ఉబ్బును. తూర్పుగోడ ప్రతివేసవిని నెఱ్ఱెవిచ్చెడిది. ప్రతి దీపావళికిని సున్నముతో పూడ్చెడివారు. నా బాల్యమున ఆ నెఱ్ఱెలో కాణీలు దాచుకొనుట నాకు జ్ఞాపకము.

మొదట వచ్చినపుడు తాతగారికి తమిళము రాదు. పొరుగువారు "ఏరి, ఏరి" అని చూపగా, మన "ఏఱు" అనుకొని, ఇచ్చట నది యెక్కడిదని రెండుదినములు వెదకిరట. తమిళమున ఏరి యనగా చెఱువు. రెండు పదములును వినుటకు సన్నిహితములేగాని ఒకటి కావు. మనది శకటరేఫము, వారిది సాధురేఫము. ఈ భేదమును తరగతిలో చెప్పునపుడెల్ల నాకు తాతగారు ఆ బురదలో గొడుగుపట్టుకొని నది వెదకుచున్నట్లు తోచెడిది. నాయనమ్మగారికి ఇట్టి చిక్కులు లేవు. పొరుగింటి తమిళయువతితో బావియొద్ద మాటలాడి ఆఱుమాసములలో తమిళము నేర్చుకొనిరి. ఆమెకు గోంగూరపచ్చడి నేర్పిరి. వీధిలో తెలుగు కుటుంబములు నాలుగు. నవరాత్రులలో బొమ్మలకొలువు పేరంటము పదునాలుగిండ్లకు సాగెడిది. శనివారము సాయంకాలము తాతగారు అరుగుపై కూర్చుండి నాలుగిండ్ల పిల్లలకును పెద్దబాలశిక్ష చెప్పెడివారు. శ్రీరామనవమికి అందఱును పట్టాలు దాటి, దక్షిణభద్రాచలమని పిలువబడు పడమటి మాంబళపు కోదండరామాలయమునకు పోయెడివారు. నగరమును కట్టుట యనగా నాకు ఇదియే. పటము గీచినవారు చోటు చూపిరి. ఊరు చేసినది బావిగట్టు, అరుగు.

తరువాతి చరిత్ర పలువురకు తెలిసినదే. వడపళనిలో వాహినీ చిత్రశాల వెలసిన పిమ్మట తెలుగు సినిమా అంతయు చుట్టుప్రక్కల చేరెను. నందమూరి తారకరామారావుగారు బజుల్లా రోడ్డునను, ఘంటసాలవారు ఉస్మాన్ రోడ్డునను నివసించిరి. పానగల్ పార్కు బల్లలపై అవకాశములకై వచ్చిన కవులును నటులును కూర్చుండెడివారు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమేర్పడి కర్నూలు రాజధాని యగుటతో ఉద్యోగులు కొందఱు తరలిరి. తరువాత క్రమముగా సినిమావారు హైదరాబాదునకు పోయిరి. మావంటివారు మిగిలితిమి. మా తండ్రిగారిని బంధువులు రమ్మనగా "ఈ గోడ నెఱ్ఱె ఎవరు పూడ్చుదురు?" అనిరట.

నగరమున గృహములు దుకాణములగుట నా కన్నులముందు జరిగినది. మా యిల్లును కూడ 1990లలో విప్పి, నాలుగంతస్తులుగా కట్టించి, వాటాలు పంచుకొంటిమి. నేను విక్రయమును నిందింపను. నలుగురు అన్నదమ్ములకు ఒక గ్రౌండు చాలదు. అరుగు మాత్రము పోయినది. నేను తెలుగు చెప్పిన పాఠశాలలో, నేను చేరినపుడు తెలుగు తరగతికి బల్లలు చాలకుండెడివి. పదవీవిరమణదినమున ఆఱుగురు పిల్లలు నాకు పూలమాల వేసిరి. 2006లో వచ్చిన తమిళాభ్యసనశాసనమే కారణమని మన సభలలో వినుచుందును. అన్నము పెట్టిన ఊరి భాష నేర్వుమనుట అన్యాయమని నేననజాలను. మా నాయనమ్మ ఏ శాసనమును లేకయే నేర్చెను. శాసనమునకు ఎంతో ముందే మన యిండ్లలో శనివారపు పెద్దబాలశిక్ష ఆగిపోయినది. ఆపినవారిలో నేనునొకడను. పాఠశాలలో చెప్పి చెప్పి అలసివచ్చి, నా పిల్లలకు ఇంటిలో చెప్పనైతిని.

చెఱువు మాటకు మఱల వచ్చెదను. నుంగంబాకమున మిగిలిన చెఱువుభాగముపై 1976లో వళ్లువర్ కోట్టము నిర్మితమైనది. ఇప్పుడు చెఱువునకు గుర్తులు పేర్లు మాత్రమే: ట్యాంకుబండు రోడ్డు, లేక్ వ్యూ రోడ్డు. అచ్చటినుండి త్యాగరాయనగరముగుండా అడయారునదికి పోవు మాంబళపు కాలువ యొక్కటి బ్రతికియున్నది. దానిలో పోవునది నీరని చెప్పుట కష్టము. 2015 డిసెంబరు మొదటి దినములలో అడయారు పొంగి సైదాపేట మునిగినపుడు మా వీధి క్రిందియంతస్తులలోనికి నీరు వచ్చెను. 2021 నవంబరులో నది పొంగకయే వచ్చెను. కాలువ పూడుకొనియున్నందున వాననీరు దినములతరబడి వీధులలో నిలిచినది. మోకాలిలోతు నీటిలో నిలుచుండి నేను పినతాతగారి ఉత్తరమును తలచుకొంటిని.

ఇప్పుడు మన సంఘీయులలో యువకులు త్యాగరాయనగరమున కొనజాలరు. వేళచ్చేరి, మడిపాకము, ఆవలి మేడవాకము వైపు పోవుచున్నారు. అవియును చెఱువుల సీమలే. 2015లో వేళచ్చేరిలో పడవలు నడచినవి. సమీపముననున్న పళ్లికరణై చిత్తడినేల 2022లో రాంసర్ ప్రదేశముగా అంతర్జాతీయపు గుర్తింపు పొందినది గాని, చుట్టును ఇండ్లు క్రమ్ముకొన్న పిమ్మట పొందినది.

గతమాసమున నా మేనల్లుడు అటువైపు ఒక స్థలము చూచి, "మామయ్యా, పాతపత్రములు చదివిపెట్టుము, తమిళలిపి నాకు తిన్నగా రాదు" అని తెచ్చియిచ్చెను. నాలుగు తరముల క్రయపత్రములు. అన్నిటికంటె పాతదానిలో హద్దులు చదివితిని. తూర్పు బాట, దక్షిణము మఱియొకరి భూమి, ఉత్తరము త్రోవ. పడమట "ఏరి" అని యున్నది. తరువాతి పత్రమునను ఏరియే. మూడవదానిలో ఆ చోట "ఖాళీస్థలము" అని వ్రాసిరి. నాలుగవదానిలో 30 అడుగుల రోడ్డు. ఆ మాటపై పెన్సిలుతో గీటు పెట్టి పత్రములు తిరిగి యిచ్చితిని. తన భార్యతో ఆలోచించుకొందునని చెప్పి పోయెను. బయానా ఇంకను ఇయ్యలేదు.