గోలు ముందు కుర్రాడు

మాంట్రియల్‌కి వచ్చిన కొత్తలో, అంటే 2007 సెప్టెంబరులో, మా కింది వాటాలో ఉండే పెద్దాయన మెట్ల దగ్గర నన్ను ఆపి "మీకు హాకీ తెలుసా?" అని అడిగాడు. తెలియకపోవడమేమిటి, ధ్యాన్‌చంద్ పుట్టిన దేశం మాది అన్నాను గర్వంగా. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ ధ్యాన్‌చంద్ ఏ టీముకి ఆడాడు?" అన్నాడు. అప్పుడర్థమయింది, ఈ ఊళ్ళో హాకీ అంటే మంచు మీద ఆడేది ఒక్కటేననీ, నా వంశవృక్షం ఇక్కడ చెల్లదనీ.

పెద్దాయన సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. భార్య పోయింది. శనివారం సాయంత్రం మ్యాచి ఉంటే తలుపు తెరిచే ఉంచేవాడు. మావాడికి అప్పుడు పధ్నాలుగేళ్ళు. మేం ఇమిగ్రెంట్లుగా వచ్చాం కాబట్టి, క్విబెక్ భాషా చట్టం ప్రకారం వాణ్ణి ఫ్రెంచి బడిలోనే వెయ్యాలి. హైదరాబాదులో క్లాసు ఫస్టు వచ్చేవాడు ఇక్కడ కొత్తగా వచ్చిన పిల్లలకి పెట్టే భాషా తరగతిలో, పది దేశాల పిల్లల మధ్య, మళ్ళీ 'ఇది పెన్ను, ఇది బల్ల' దగ్గర మొదలుపెట్టాడు. బళ్ళో నోరు విప్పేవాడు కాదు కానీ, పెద్దాయన టీవీ ముందు మాత్రం ఫ్రెంచి వ్యాఖ్యానం వింటూ కూర్చునేవాడు. అలా మా ఇంట్లోకి హాకీ వచ్చింది. దాంతోబాటు కేరీ ప్రైస్ కూడా వచ్చాడు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బంతికి బదులు 'పక్' అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. మూడంగుళాల వ్యాసం, అంగుళం మందం, బరువు 170 గ్రాముల లోపు. గంటకి నూటయాభై కిలోమీటర్ల వేగంతో వచ్చే ఆ బిళ్ళని ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న వల ముందు నిలబడి ఆపేవాణ్ణి ఇక్కడ 'గోలీ' అంటారు. మనకి గోలీలంటే వేరే అర్థం కానీ, వీళ్ళకి గోలీ అంటే సగం దేవుడు, సగం నేరస్థుడు. ఓడిన రాత్రి నేరస్థుడే.

మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు 1909లో పుట్టింది. స్టాన్లీ కప్పు 24 సార్లు గెలిచింది, ఆఖరిసారి 1993లో. ఈ జట్టు చరిత్రని గోలీల చరిత్రగా చెప్పుకోవచ్చు. మొదటివాడు జార్జ్ వెజినా. 1910 నుంచి పదిహేనేళ్ళపాటు ఒక్క మ్యాచి కూడా మానకుండా ఆడాడు. 1925 నవంబరులో మ్యాచి మధ్యలోనే ఆగిపోవలసి వచ్చింది. క్షయ. నాలుగు నెలలకి పోయాడు. ఏటా మేటి గోలీకిచ్చే ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. తరవాత జాక్ ప్లాంట్. 1959 నవంబరు 1న న్యూయార్కులో పక్ తగిలి మొహం పగిలితే, కుట్లు వేయించుకుని, మాస్కు పెట్టుకోనిస్తేనే వస్తానని కోచితో పట్టుబట్టి మళ్ళీ దిగాడు. నేడు ప్రతి గోలీకీ మాస్కు ఉందంటే ఆ రాత్రి పుణ్యమే. మీరు ఆఫీసులో తప్పు చేసినప్పుడల్లా వెనకాల ఎర్రదీపం వెలిగి, వేలమంది లేచి తిడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి అని ఆయన అనేవాడట. గోలు పడగానే వల వెనక నిజంగానే ఎర్రదీపం వెలుగుతుంది.

కెన్ డ్రైడెన్ 1971లో లీగు దశలో ఆరంటే ఆరు మ్యాచిలు ఆడి, ఆ వసంతంలో కప్పు గెలిపించాడు. పాట్రిక్ ర్వా 1986లో ఇరవయ్యేళ్ళకే గెలిపించాడు. ఈ ఇద్దరే తరవాత వచ్చిన కుర్రాళ్ళ కొంప ముంచారని నా అభిప్రాయం. మామూలుగా గోలీ ఆలస్యంగా పండే కాయ. జట్టుకి వల ఒక్కటే, ఆడేవాడొక్కడే, రెండోవాడు బెంచి మీద కూర్చుని ఎదురుచూడాలి. ఎదుటివాడి భుజం కదలికని బట్టి పక్ ఎటొస్తుందో పోల్చుకోవడం ఒక ఏడాదిలో వచ్చే విద్య కాదు. కానీ ఊరివాళ్ళకి డ్రైడెన్, ర్వా గుర్తుంటారు. ఇరవయ్యేళ్ళకే పండలేదంటే కాయలో పురుగుందనుకుంటారు.

ఆ ర్వాకీ ఊరు చుక్కలు చూపించింది. 1995 డిసెంబరు 2న డెట్రాయిట్ చేతిలో తొమ్మిది గోల్సు పోయాయి. మధ్యలో ఒక మామూలు షాటు ఆపితే జనం వెక్కిరింతగా చప్పట్లు కొట్టారు. అతను రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. చివరికి బయటికి పిలిచాక, జట్టు అధ్యక్షుడి దగ్గరికి నడిచి ఇక్కడ ఇదే నా ఆఖరి మ్యాచి అని చెప్పాడు. నాలుగు రోజులకి అతన్ని కొలరాడోకి పంపేశారు. ఆ వేసవిలోనే కొలరాడో కప్పు గెలిచింది. ఈ కథ చెప్పినప్పుడల్లా మా పెద్దాయన గొంతు మారిపోయేది.

ప్రైస్ ఆ ఊరికొచ్చాడు. పుట్టింది 1987లో. పెరిగింది బ్రిటిష్ కొలంబియా లోపలి అడవుల్లోని ఆనహిమ్ లేక్ అనే చిన్న పల్లెలో. తల్లి ఉల్కాచో అనే ఆదివాసీ తెగకి చెందినావిడ, ఆ తెగకి ఎన్నికైన నాయకురాలు. తండ్రి కూడా గోలీయే. 1978లో ఫిలడెల్ఫియా జట్టు ఎంచుకుంది కానీ పెద్ద లీగులో ఒక్క మ్యాచీ ఆడలేదు. పిల్లవాడు ఆడగల టీము మూడువందల కిలోమీటర్ల అవతల విలియమ్స్ లేక్‌లో ఉంటే, ఆ తండ్రి ఒక చిన్న విమానం కొని తనే నడుపుతూ కొడుకుని ప్రాక్టీసుకి తీసుకెళ్ళేవాడు. కోచింగు సెంటరుకి స్కూటరు మీద దింపే మన తండ్రులకి ఈయన పెద్దన్నయ్య.

2005లో మాంట్రియల్ అతన్ని మొత్తం కుర్రాళ్ళలో ఐదోవాడిగా ఎంచుకుంది. 2007 జనవరిలో కెనడా కుర్రజట్టు ప్రపంచ విజేత అయితే ఉత్తమ ఆటగాడు ఇతనే. ఆ వేసవిలో హామిల్టన్‌లోని చిన్న జట్టుకి కప్పు తెచ్చాడు. అక్టోబరు 10న పెద్ద లీగులో మొదటి మ్యాచి ఆడి గెలిచాడు. 2008 ఫిబ్రవరిలో అప్పటిదాకా ఆడుతున్న గోలీ హ్యూవేని అమ్మేసి, వల మొత్తం ఈ ఇరవయ్యేళ్ళవాడి చేతిలో పెట్టారు.

ఆ మొదటి ఏడు వందకి 92 షాట్లు ఆపాడు. రెండో ఏడు తొంభైన్నర. ఒకటిన్నర తేడా ఎంతని మనకనిపిస్తుంది. మ్యాచికి ముప్ఫై షాట్లనుకుంటే, రెండు మ్యాచిలకి దాదాపు ఒక గోలు అదనంగా పోయినట్టు. సగం మ్యాచిలు ఒక్క గోలు తేడాతో తేలే ఆటలో అది ఉద్యోగం ఊడే తేడా. 2009 మార్చిలో కోచి ఉద్యోగం ఊడింది కూడా. ఏప్రిల్‌లో బాస్టన్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడిపోయారు. ఆఖరి రాత్రి మా ఊరి జనం మళ్ళీ అదే వెక్కిరింత చప్పట్లు కొట్టారు. ప్రైస్ ర్వా లాగే చేతులు రెండూ పైకెత్తాడు. పెద్దాయన టీవీ కట్టేశాడు.

2009-10లో ప్రైస్ 13 గెలిచి, 20 ఓడాడు. అదనపు సమయంలో ఇంకో ఐదు పోయాయి. పక్కన యారొస్లావ్ హలాక్ అనే స్లొవేకియా కుర్రాడు. 2003లో 271వ వాడుగా, అంటే ఇంచుమించు ఊడ్చేసే ముందు ఎంచుకున్నవాడు. అతను 26 గెలిచాడు. వసంతంలో అతనే ఆడాడు. లీగులో అందరికంటే పైనున్న వాషింగ్టన్ మీద ఆరో మ్యాచిలో 54 షాట్లొస్తే 53 ఆపాడు. వాళ్ళని ఇంటికి పంపి, కిందటేటి విజేత పిట్స్‌బర్గ్‌నీ పంపాడు. ఊరు ఊరంతా అతని పేరే. ప్రైస్ టోపీ పెట్టుకుని బెంచి మీద కూర్చుని తలుపు తీసి మూసే పని చేశాడు.

అదే నెలల్లో మావాడి బడినుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. జూన్‌లో ఫలితాలొచ్చాయి. ఫ్రెంచి పోయింది. చరిత్ర పోయింది. ఏడాది మళ్ళీ చదవాలన్నారు. మా పెద్దమ్మగారబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "వాణ్ణి ఇక్కడికి పంపించెయ్యిరా. టెన్తు ప్రైవేటుగా కట్టించి, ఇంటరు రెసిడెన్షియల్లో పడేద్దాం. రెండేళ్ళలో దారిలో పడతాడు" అన్నాడు. నాకు సబబుగానే తోచింది. మా ఆవిడ మాత్రం, "వాడి బట్టలు సర్దే పని నాకు చెప్పకండి" అంది.

మన క్రికెట్‌లో పార్థివ్ పటేల్ గుర్తున్నాడా? 2002లో పదిహేడేళ్ళకి టెస్టుల్లో వికెట్ల వెనక నిలబడ్డాడు. రెండేళ్ళు తిరిగేసరికి చోటు పోయింది. 2005 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టాక, ఎదురుచూడ్డానికి బెంచి కూడా మిగల్లేదు. ధోనీని తీసుకోవడం తప్పని ఎవరంటారు? నేనూ ఆ లెక్కే వేశాను. భోజనాల దగ్గర, "అంకెలు అబద్ధం చెప్పవు. హలాక్‌ని ఉంచుకుని ప్రైస్‌ని అమ్మెయ్యాలి" అన్నాను.

మావాడు కంచంలోంచి తలెత్తకుండా, "నీ లెక్కలో అయితే నన్ను కూడా అమ్మెయ్యాలి నాన్నా" అన్నాడు.

2010 జూన్ 17న వార్త వచ్చింది. అమ్మింది హలాక్‌ని. బదులుగా సెంట్ లూయిస్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళని తెచ్చుకున్నారు. ఊరు మండిపడింది. రేడియోలో అరుపులే అరుపులు. జట్టువాళ్ళ లెక్క వేరు. ప్రైస్‌కి ఇరవైరెండు, హలాక్‌కి పాతిక. ఒకడు ఎంత ఎదగాలో అంత ఎదిగాడు, రెండోవాడు ఇంకా ఎదుగుతాడు అన్నది వాళ్ళ పందెం. సెప్టెంబరులో ప్రైస్‌తో రెండేళ్ళకి మాత్రమే ఒప్పందం చేసుకున్నారు. అంటే నమ్మకం కూడా వాయిదాల మీదే. సీజను ఇంకా మొదలవకుండానే, ఉత్తుత్తి మ్యాచిలో గోల్సు పోతే సొంత ఊరి జనమే ఈలలేసి తిట్టారు. అతను విలేఖర్లతో, కాస్త నెమ్మదించమనీ, ముందు బోలెడు సీజను ఉందనీ చెప్పి ఊరుకున్నాడు.

నేను తెనాలికి ఫోన్ చేశాను. మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు బడిపంతులుగా చేసినవారు. మనవణ్ణి పంపేస్తున్నానంటే సంతోషిస్తారనుకున్నాను. "ఒరేయ్, మన భాషలో 'నిదానమే ప్రధానం' అనీ ఉంది, 'ఆలస్యం అమృతం విషం' అనీ ఉంది. నీ కొడుకు విషయంలో ఏది పనికొస్తుందో నన్నడిగితే ఎలా? వాణ్ణడిగావా?" అన్నారు. నిజానికి వాణ్ణడగలేదు.

అడిగితే, ఉంటానన్నాడు. ఎందుకన్నాను. "చరిత్ర నాకొచ్చు నాన్నా, రాయడమే రావట్లేదు" అన్నాడు. వెజినా ఏ మ్యాచిలో ఆగిపోయాడో, ప్లాంట్ కోచి ఎవరో వాడికి కంఠతా వచ్చునని నాకు తెలుసు. పెద్దాయనని అడిగాను. వారానికి మూడు సాయంత్రాలు ఆ బస్సు డ్రైవరు మావాడి చేత ఫ్రెంచిలో చరిత్ర రాయించి, ఎర్ర పెన్నుతో దిద్దేవాడు. ఫీజు ఇడ్లీలు.

ఆ ఏడు, అంటే 2010-11లో, ప్రైస్ 72 మ్యాచిలాడి 38 గెలిచాడు. 2014లో సోచీ ఒలింపిక్సులో ఐదు మ్యాచిల్లో మూడే గోల్సు ఇచ్చి కెనడాకి బంగారు పతకం తెచ్చాడు. 2014-15లో 44 గెలిచి జట్టు రికార్డు తిరగరాశాడు. లీగు మొత్తానికి మేటి ఆటగాడన్న హార్ట్ ట్రోఫీ, వెజినా ట్రోఫీ రెండూ అతనికే. ఆ వేదిక మీద ఆదివాసీ పిల్లల్ని ఉద్దేశించి వెనకాడవద్దని చెప్పాడు. 2019 మార్చిలో ప్లాంట్ 314 విజయాల రికార్డు దాటాడు.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది. కానీ కప్పు రాలేదు. 2021లో ఫైనలు దాకా లాక్కెళ్ళాడు, టాంపా చేతిలో ఓడారు. ఆ అక్టోబరులో ఆట ఆపి సాయం కోసం వెళ్ళాడు. మత్తు అలవాటుకి చికిత్స తీసుకున్నానని నవంబరులో తనే బయటపెట్టాడు. మోకాలు సహకరించలేదు. 2022 ఏప్రిల్ 29న ఆడిందే ఆఖరి మ్యాచి. ఇరవయ్యేళ్ళకి ఊరి బరువు నెత్తిన పెట్టినందుకు ఎంత ఖర్చయిందో రికార్డుల పుస్తకంలో ఉండదు. హలాక్‌కీ అన్యాయం జరిగిందనే ఇప్పటికీ అనుకుంటాను. సెంట్ లూయిస్‌లో, బాస్టన్‌లో తోటి గోలీలతో కలిసి రెండుసార్లు అతి తక్కువ గోల్సిచ్చిన జట్టు ట్రోఫీ అందుకున్నాడు. ఒకడి కోసం ఓపిక పట్టడమంటే ఇంకొకడికి తలుపు మూయడం. ఆ సంగతి 2010లో నాకు తోచలేదు.

మావాడు రెండోసారి చరిత్ర గట్టెక్కాడు, అత్తెసరు మార్కులతో. ఇప్పుడు లావాల్‌లో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాడు, ఫ్రెంచిలో. ఇది నా ఓపిక గొప్పతనమని చెప్పుకోను. టిక్కెట్టు ధర కనుక్కుని, ఏజెంటుకి పాస్‌పోర్టు నంబరు కూడా ఇచ్చినవాణ్ణి నేను.

పెద్దాయన 2016 చలికాలంలో పోయాడు. ఆయన దిద్దిన నోటు పుస్తకం మా ఇంట్లో ఉంది. మొదటి పేజీలో ఎర్రసిరా తప్ప అక్షరం కనపడదు. చివరి పేజీల్లో కూడా ఎరుపు బాగానే ఉంది.