ఢిల్లీ యిండ్లలో తెఱచిన పోర్టుల చరిత్ర

1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో ఇంటర్నెట్టును ప్రజలకు అందించినప్పుడు, అంతవరకు ఎర్నెట్టు ద్వారా విద్యాసంస్థలకును, నిక్‌నెట్టు ద్వారా ప్రభుత్వ కార్యాలయములకును ప్రధానముగా పరిమితమై యుండిన జాలసంపర్కము గృహస్థుని బల్లమీది కంప్యూటరును చేరెను. అయితే షెల్ ఖాతాదారుని యంత్రము టెలిఫోను తీగ కొసన నిలిచి, నిగమము సర్వరు పంపు అక్షరములను చూపునదే కాని, జాలములో తనకంటూ చిరునామా గలది కాదు. కావున వెలుపలివారికి దానిలో ప్రవేశము లేకుండెను. అధికరుసుము చెల్లించి టీసీపీ-ఐపీ ఖాతా పొందినవాని యంత్రమునకే సొంత చిరునామాయు, దానితో 65,535 పోర్టులును సంక్రమించెను.

యంత్రములోని ప్రోగ్రాము వెలుపలి పిలుపును వినుటకై కేటాయించుకొను సంఖ్యయే పోర్టు: ఉత్తరములకు 25, వెబ్ పుటలకు 80, మైక్రోసాఫ్ట్ వారి ఫైళ్ల పంపకమునకు 139, 445. వినుచున్న ప్రోగ్రాములో లోపమున్నచో అదియే శత్రువునకు త్రోవ యగును. ఈ పంపకపు సేవలు ఒకే కార్యాలయములో పరస్పర పరిచితులైన ఉద్యోగులకై కల్పింపబడినవి. పాత ఢిల్లీయగు షాజహానాబాదు హవేలీల నడిముంగిట బంధువులే తిరుగుదురు గనుక గదుల తలుపులు వేయకుండుట సహజము; ఆ ముంగిటి గుండ నగరవీథిని నడపినచో ఆ యాచారమే యపాయమగును. డయలప్ మోడెము చేసిన పని యిదియే.

నెహ్రూ ప్లేసు అంగళ్లలో విడిభాగములతో కూర్పించిన కంప్యూటర్లు ఢిల్లీ, నోయిడా, గుర్గావు, ఘాజియాబాదు ఇండ్లలో వ్యాపించుచుండిన కాలమున, 2003 ఆగస్టులో తనంత తాను వ్యాపించు బ్లాస్టరు అను దుష్టప్రోగ్రాము 135వ పోర్టునుండియు, 2004లో సాసరు అను మఱొకటి 445వ పోర్టునుండియు లోకమంతట విండోసు యంత్రములలో చొచ్చెను. ఏ యుత్తరము తెఱవకయే, ఏ ఫైలు ముట్టకయే, జాలమును కలిసినంతమాత్రమున యంత్రము చెడుట గృహస్థునకు నూతనానుభవము. 2004 జనవరిలో న్యూఢిల్లీ కేంద్రముగా, ఇట్టి దాడులను ఎదుర్కొను ప్రభుత్వసంస్థ సెర్ట్-ఇన్ పనిచేయ నారంభించెను. ఆ యేటి ఆగస్టులో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోసు ఎక్స్‌పీ రెండవ సర్వీసు ప్యాకుతో, కొన్నవాడు కోరకయే, వెలుపలి పిలుపులను అడ్డగించు ఫైర్‌వాలు పనిచేయునట్లు ఏర్పఱచెను. గృహగణకముల రక్షణచరిత్రలో ఇంతకంటె ఉపకారకమైన మార్పు మఱొకటి లేదు.

2005లో మహానగర్ టెలిఫోన్ నిగమ్ బ్రాడ్‌బ్యాండు వచ్చి సంపర్కము అహోరాత్రము నిలుచునదయ్యెను. మోడెము తానొక్కటియే వెలుపలి చిరునామాను ధరించి లోపలి యంత్రములను మఱుగుపఱచుట మేలే. కాని ఆ మోడెమునకును పోర్టులు కలవు. 2017 జూలైలో, తయారీనాటి పాస్‌వర్డు మార్పబడని మోడెములు మన దేశమున వేలకొలది దాడికి లోనై నిరుపయోగములయ్యెను. ఆ యేటనే మే 12న వాన్నాక్రై అను దుష్టప్రోగ్రాము 445వ పోర్టు మార్గమున విజృంభించి, మార్చి 14ననే దాని త్రోవను మూయు దిద్దుబాటు విడుదలయై యున్నను, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను సైతము కొన్నిటిని స్తంభింపజేసెను.

ఈ చరిత్ర నంతయు పరిశీలించినచో, దోషము గృహస్థునిది కాదనియు, విశ్వాసమూలమైన సేవను అపరిచితుల నడుమ తెఱచి విడిచిన నిర్మాతలదే యనియు స్పష్టమగును. అయినను నష్టము గృహస్థునిదే గనుక, పాఠకులు నెట్‌స్టాట్ ఆజ్ఞతో తమ యంత్రమున ఏ పోర్టులు వినుచున్నవో చూచుకొని, అక్కఱలేని సేవను నిలిపి, ఫైర్‌వాలును నడపి, మోడెము పాస్‌వర్డును నేడే మార్చుకొందురుగాక.