యంత్రానువాదం

ఒక భాషలోని పాఠ్యాన్ని కంప్యూటరు ద్వారా మరొక భాషలోకి మార్చడాన్ని యంత్రానువాదం అంటారు. కృత్రిమ మేధస్సు నిత్యజీవితంలో ప్రవేశించిన మార్గాలలో ఇది ఒకటి.

చరిత్ర

భారతీయ భాషల మధ్య అనువాదానికి జరిగిన తొలి ప్రయత్నాలలో కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, తరువాత హైదరాబాదులో కొనసాగిన "అనుసారక" ముఖ్యమైనది. గూగుల్ అనువాద సేవలో తెలుగు 2011లో చేరింది. 2017లో ఆ సేవ తెలుగుకు నాడీజాల పద్ధతిని ప్రవేశపెట్టింది. ఈ పద్ధతి విడివిడి పదాలను గాక వాక్యాన్నంతటినీ పరిగణిస్తుంది. 2022లో కేంద్రప్రభుత్వం "భాషిణి"ని ప్రారంభించింది.

ఉపయోగాలు

పరాయి భాషలోని బోర్డులను, ఉత్తరాలను, వార్తలను సెల్‌ఫోను సాయంతో చదువుకొనవచ్చును. తీర్పుల అనువాదానికి సుప్రీంకోర్టు 2019లో "సువాస్" అనే సాధనాన్ని ప్రవేశపెట్టింది. అయితే అధికారిక ప్రయోజనాలకు ఆంగ్లప్రతియే ప్రామాణికం.

పరిమితులు

తెలుగులో "వచ్చారు" అనే క్రియ ఆయనకు, ఆవిడకు, పలువురికి కూడా వర్తిస్తుంది. సందర్భం తెలియనప్పుడు ఆంగ్లంలో ఏ సర్వనామం వాడవలెనో యంత్రం ఊహించవలసి వస్తుంది. పూర్వపు యంత్రాల తప్పులు వాక్యం కుంటుపడటం వలన వెంటనే తెలిసేవి. నేటి అనువాదం సాఫీగా సాగుతుంది గనుక అందులోని తప్పును పాఠకుడు అనుమానించడు. కావున మందుల మోతాదు, ఆస్తి దస్తావేజు వంటి వాటి అనువాదాన్ని రెండు భాషలూ తెలిసినవారు మూలంతో సరిచూడడం అవసరం.