కణములలో రెండు తెగలు



యాగంటి బసవన్న నానాటికి పెరుగుచున్నాడని మన సీమలో ప్రతీతి. ఆ శిలను గూర్చి నేను వాదింపబూనుట లేదు. అచట మ్రొక్కు మనుష్యుడైనను, ఆ కొండపైని చెట్టైనను పెరుగుట కణములవలన. ఆ కణముల కథను నేడు విన్నవించెదను.

1665లో ఇంగ్లండునందు రాబర్ట్ హుక్ బెరడు ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించి, తేనెపట్టువంటి అరలను గాంచి, వానికి ‘సెల్’ అని పేరిడెను. మనము కణమందుము. 1676లో హాలెండు దేశపు బట్టలవర్తకుడు లీవెన్‌హుక్ మిరియములు నానిన నీటియందు అతిసూక్ష్మజీవులను జూచెను. అవియే బాక్టీరియాలు. 1831లో రాబర్ట్ బ్రౌన్ మొక్కల కణములలో కేంద్రకము కలదని చాటెను. బాక్టీరియాలలో నట్టి కేంద్రకము లేదు. ఈ భేదమునుబట్టి 1925లో ఫ్రెంచి పండితుడు షాటన్ రెండు తెగలకును వేర్వేరు పేర్లొసంగెను. నిజకేంద్రక కణములు మనవి. కేంద్రకపూర్వ కణములు వానివి.

మన కణము గదులు గల మిద్దెవంటిది. వంశలక్షణముల పత్రములు కేంద్రకమను గదిలో భద్రముగా నుండును. శక్తిని బుట్టించుటకు వేరు గదులు కలవు. బాక్టీరియా ఒంటినిట్టాడి గుడిసె. పత్రములును పనిముట్లును అందొక్కచోటనే యుండును.

ఈ భేదమువలన మనకేమి లాభమందురా? 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థయందు పరిశోధనలకు అధ్యక్షులుగా నుండగా, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. అది 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ ఏటనే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. ఆ మందు పనిచేయు విధము తరువాత తెలిసినది. మాంసకృత్తులను నేయు మగ్గములు బాక్టీరియాలో చిన్నవి, వేరు కట్టడము గలవి. మందు వాని మగ్గముల నాపును. మనవానిని అంతగా బాధింపదు. శత్రువు నశించును, రోగి బ్రతుకును.

కాని తామరను గలిగించు శిలీంధ్రము మనవలె కేంద్రకము గలది. జలుబు గలిగించు వైరసు కణమే కాదు. వానిపై నీ మందులు వ్యర్థములు. ఊరక మ్రింగినచో ఒడలిలోని బాక్టీరియాలు మందునకు లొంగని జాతులుగ మారును. నిజముగ జబ్బు చేసిననాడు మందు పారదు. కావున వైద్యుడు చెప్పక ఇట్టి మాత్రలు కొనవలదని పెద్దలు ఇంటింట బోధింపవలెను.