మారణకాండల చరిత్ర బోధన: చుండూరు నేపథ్యం

జాతిహననాలు, సామూహిక హత్యల చరిత్రను బడిలో చదివించి, ఆ చదువు ద్వారా విద్యార్థి తన నీతిని, తన స్వభావాన్ని, తాను పుట్టిపెరిగిన సమాజాన్ని పరీక్షించుకునేలా చేసే బోధన ఇది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఐరోపాలో ఈ ఆలోచన మొదలై, 1970లలో అమెరికాలో పాఠ్యప్రణాళికగా రూపుదిద్దుకుంది. తెలుగు విద్యార్థికి ఎక్కువగా నాజీ జర్మనీ పాఠం ద్వారా పరిచయమైంది. తెనాలికి దగ్గరలోని చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన దళితుల ఊచకోతను కూడా ఇదే పద్ధతిలో చదవవచ్చు, చదవాలి.

ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 9న ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక జాతీయ, జాతి, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగానో కొంతమేరకో నాశనం చేయాలన్న ఉద్దేశంతో సాగించే చర్యలే జాతిహననం. ఈ నిర్వచనం చుండూరుకు వర్తించదు. లక్షల ప్రాణాలు పోయిన ఘోరాలతో దాన్ని సమానం చేయనక్కర్లేదు. అయితే పక్కవాడిని మనిషిగా లెక్కచేయడం మానేశాక ఊరు ఎలా చీలుతుందో, అధికారం ఎవరి వైపు నిలుస్తుందో, చూసినవాళ్లు ఎందుకు నోరు విప్పరో తెలుసుకోవడానికి చుండూరు చరిత్ర చాలు.

పశ్చిమ జర్మనీలో యుద్ధం ముగిసిన తొలి ఏళ్లలో బడులు యూదుల మారణకాండను పైపైన దాటేశాయి. 1961లో జెరూసలేంలో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణ, 1963 నుంచి 1965 వరకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ మరణశిబిరపు నిందితుల విచారణ జరిగాక ఆ మౌనం సడలింది. ఆష్విట్జ్ మళ్లీ జరగకుండా చూడటమే చదువుకు మొదటి కర్తవ్యమని 1966లో తత్వవేత్త థియొడోర్ అడోర్నో రేడియో ప్రసంగంలో చెప్పాడు. 1976లో అమెరికాలోని బ్రూక్‌లైన్‌లో మార్గట్ స్టెర్న్ స్ట్రోమ్, విలియం పార్సన్స్ అనే ఉపాధ్యాయులు ఎనిమిదో తరగతి పిల్లల కోసం ‘ఫేసింగ్ హిస్టరీ అండ్ అవర్‌సెల్వ్స్’ను తయారుచేశారు. యూదుల, ఆర్మేనియన్ల మారణకాండలు అందులో పాఠాలు. అయితే అది నేరుగా హత్యలతో మొదలుకాదు. నేనెవరు, నా వాళ్లెవరు, పరాయివాళ్లని ఎవరిని అంటున్నాను అన్న ప్రశ్నలు ముందు వస్తాయి. చరిత్ర ఆ తర్వాత, తీర్పూ జ్ఞాపకమూ చివర్లో.

ఈ పద్ధతిని గట్టిగా విమర్శించినవాళ్లూ ఉన్నారు. చరిత్రకారిణి లూసీ డావిడోవిచ్ 1990లో ఇలాంటి పాఠ్యప్రణాళికలను పరిశీలించి, శతాబ్దాల యూదు ద్వేషాన్ని వదిలేసి అంతా పక్షపాతమనీ అసహనమనీ కలిపి చెబితే పిల్లలకు అసలు కారణం తెలియదని ఆక్షేపించింది. ఈ విమర్శ మనకు బాగా పనికొస్తుంది. చుండూరును ‘రెండు వర్గాల ఘర్షణ’ అని చెప్పి ముగిస్తే అందులోంచి కులం మాయమవుతుంది.

భారతదేశంలో ఎన్‌సీఈఆర్‌టీ 2006లో తెచ్చిన తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో హిట్లర్, నాజీజం మీద ఒక అధ్యాయం ఉంది. అది యుద్ధంతోనో ఎన్నికలతోనో కాదు, 1945 వసంతంలో పదకొండేళ్ల హెల్ముత్ పడుకుని తల్లిదండ్రుల మాటలు వినడంతో మొదలవుతుంది. పేరున్న వైద్యుడైన అతని తండ్రి నాజీ మద్దతుదారు. తాము ఇతరులకు చేసినదే ఇక తమకూ జరుగుతుందన్న భయంతో, కుటుంబమంతా చావాలా, తానొక్కడే చావాలా అని భార్యతో మాట్లాడుతుంటాడు. తర్వాత తన ఆఫీసులో కాల్చుకుని చనిపోతాడు. తల్లి కూడా విషం పెడుతుందేమోనన్న భయంతో ఆ పిల్లవాడు తొమ్మిదేళ్లు ఇంట్లో అన్నం ముట్టలేదు. అధ్యాయం చివర ఒక అభ్యాసం ఉంది: హెల్ముత్ స్థానంలో ఉండి, నీకు యూదు స్నేహితులున్నారని తలచుకుని, తండ్రితో ఏమంటావో రాయి. ఇంట్లో పెద్దలను ఎదిరించి మాట్లాడే సందర్భాన్ని పాఠ్యపుస్తకం పిల్లల ముందు పెట్టడం అరుదు. కన్నతండ్రి నేరం చేసినవాళ్ల పక్షాన ఉంటే ఏం చేయాలన్నది ఈ బోధనలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. చుండూరులాంటి ఊళ్లో దాన్ని కల్పించనక్కర్లేదు.

చుండూరు ఊచకోతకు ముందు కోస్తాలో కారంచేడు ఉంది. అక్కడ 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. మాదిగలు తాగే చెరువునీటి దగ్గర మొదలైన గొడవ అది. ఆ ఏడాదే కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడింది. ఎస్సీ, ఎస్టీల అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చి, 1990 జనవరి 30 నుంచి అమలైంది. అంటే చుండూరు నాటికి చట్టం ఉంది.

చుండూరులో దళితుల్లో చదువుకున్న యువకులు, రైల్వే ఉద్యోగులు ఉండేవారు. భూస్వాముల పొలం పనే దిక్కు కానివాళ్లు తలెత్తుకు తిరగడం అగ్రకులాలకు మింగుడు పడలేదు. 1991 జూలై మొదట్లో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకుల యువకుడికి తగిలిందన్నది గొడవకు సాకు. తర్వాత దళితులను పనుల నుంచి వెలివేశారు. ఊళ్లో పోలీసు పికెట్ ఉంది, 144వ సెక్షన్ ఉంది. ఆగస్టు 6న పోలీసులు దళితవాడలోకి రావడంతో మగవాళ్లు పొలాల వైపు పరుగెత్తారు. అక్కడ దాడిచేసేవాళ్లు కాచుకుని ఉన్నారు. ఎనిమిదిమందిని నరికి, కొట్టి చంపి, కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి కాల్వల్లో పడేశారు. సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో మరో దళిత యువకుడు చనిపోయాడు. మృతులను ఊళ్లోనే సమాధి చేసిన చోటును రక్తక్షేత్రం అంటారు.

వెలి నుంచి హత్య దాకా నడిచిన ఈ నెల రోజులే పాఠానికి కీలకం. ఆ ఎనిమిదిమందిని చంపినవారు ఒక్క పూటలో హంతకులు కాలేదు. పనికి పిలవకపోవడం, పలకరించకపోవడం అప్పటికే అలవాటయ్యాయి. ఆ దశలో ‘ఇది తప్పు’ అనగలిగినవాళ్లు ఊరినిండా ఉన్నారు. పిల్లలు తమను తాము చూసుకోవలసింది అక్కడే.

నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించడం ఈ కేసు విశేషం. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష విధించి 123 మందిని వదిలేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నీ రద్దుచేసింది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుపై స్టే ఇచ్చింది.

తరగతిలో జాగ్రత్త ఒకటి తప్పనిసరి. చంపినవాళ్లుగా, చచ్చినవాళ్లుగా పిల్లల చేత వేషాలు వేయించకూడదు. ఈ ప్రాంతపు బడుల్లో రెండు వైపుల కుటుంబాల మనవలూ ఒకే బల్లమీద కూర్చుంటారు. ఒకరిని అవమానించి మరొకరికి నీతి నేర్పలేం. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు హెల్ముత్ పాఠం చెప్పిన వారమే 2007, 2014 తీర్పులను పక్కపక్కన పెట్టి పిల్లల చేత చదివించాలి.